చూపు కుటుంబం కార్డులు

చిరంజీవి పిచ్చుకకు అమ్మ ఆశీస్సులతో రాసేది.

ఇక్కడ మేమిద్దరం కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావని నీ ఉత్తరం మడతలో చిక్కుకున్న ఎండుటాకు ముక్క చెప్పింది. ఒంట్లో బాగోనప్పుడు నువ్వు కాగితాలు మరీ శుభ్రంగా మడుస్తావు. మీ నాన్న మెట్ల మీది బల్బు మారుస్తానని స్టూలు తెచ్చి పెట్టి మూడు వారాలైంది. బల్బు మారలేదు. ఆ స్టూలు తగిలి పడకుండా మసక వెలుతురులో దిగడం మాత్రం మా ఇద్దరికీ వంటబట్టింది. నా మోకాలి సంగతి అడిగావు. ఎక్కేటప్పుడు నోరు మూసుకుంటుంది, దిగేటప్పుడు పోట్లాడుతుంది. డాక్టరు ఇచ్చిన పట్టీ వేసుకుంటున్నాను, ఒట్టు.

ఇక నువ్వడిగిన రెండోది. నువ్వు పనిచేసే మొక్కల తోటలో, ఎండు మొక్కలు దాచే గదిలో ఒక అట్ట మీద స్పెక్టాబిలిస్ అని ఉందనీ, అది ఇంగ్లీషులో స్పెక్టకిల్ అనే మాటకి చుట్టమేనా అనీ రాశావు. చుట్టమే. చూడదగినది అని ఆ మొక్కకి పెట్టిన పేరు. ఆరు నెలలుగా నా బల్ల మీద ఉన్నదీ ఆ కుటుంబమే. లాటిన్‌లో స్పెకెరె అంటే చూడటం. దాని ముందు ఏది తగిలిస్తే చూపు అటు తిరుగుతుంది. లోపలికి చూస్తే ఇన్‌స్పెక్ట్. బయటికి చూస్తే ఎక్స్‌పెక్ట్, అంటే ఎవరో వస్తారని గుమ్మంలోంచి చూడటం. వెనక్కి తిరిగి మరోసారి చూస్తే రెస్పెక్ట్. పైనుంచి కిందికి చూస్తే డిస్పైజ్. కింద నుంచి, కనురెప్పల చాటుగా పైకి చూస్తే సస్పెక్ట్. ఇదంతా చెప్పిన మొదటి రోజు మీ లాటిన్ మాస్టారు నవ్వి, "మనకీ అంతేనమ్మా, ఎదురుచూపు, చిన్నచూపు, ఓరచూపు. మనిషి ఎక్కడైనా కళ్లతోనే ఆలోచిస్తాడు" అన్నారు.

మూడోది అడిగావు. నీ రెండు ఉత్తరాలకీ మాస్టారు ఎందుకు జవాబు రాయలేదు, ఆయన కులాసానేనా అని. దీనికి జవాబు పొడుగు. పోయిన ఉత్తరంలో నేను ఆ ప్రశ్న చూడనట్టే దాటేశాను. నువ్వు పట్టేసి ఈసారి కింద రెండు గీతలు గీశావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. మధ్యలో ఆపకుండా చివరిదాకా చదువు.

బళ్లో నీకు లాటిన్ నేర్పిన మనిషి, రిటైరై ఇంట్లో ఊరికే ఉంటున్నారు, మీ నిఘంటువు పనికి ఆయన్ని మించినవాళ్లు దొరకరు అని నువ్వు నన్ను పోరబట్టే కదా, ఎనిమిది నెలల కిందట మా యజమానితో మాట్లాడాను. మా పని నీకు తెలిసిందే. స్కూలు పిల్లల కోసం ఇంగ్లీషు మాటల్ని అక్షరాల వరసలో కాకుండా, ఏ లాటిన్ మాట కడుపున పుట్టాయో ఆ కుటుంబాలుగా పేర్చి వేస్తున్నాం. మాటకొక కార్డు. మాస్టారు దాని పుట్టుక రాస్తారు. నేను తప్పులు చూసి, అంకె వేసి, కింద అచ్చుగదికి పంపుతాను. పద్నాలుగేళ్లుగా ఆ సొరుగుల తాళాలు నా నడుముకే ఉన్నాయి. ఆ సంగతి నాకు కొంచెం ఎక్కువే తెలుసని ఈ మధ్యే అర్థమైంది.

మొదటి మూడు నెలలు మాస్టారితో పని హాయిగా సాగింది. మాట అడిగితే పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవారు. తరవాత ఏదో మారింది. కార్డు ముందు పెట్టుకుని, పెన్ను మూత తీసి, మధ్యాహ్నం దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చునేవారు. ఏదైనా అడిగితే "రేపు చెప్తానమ్మా" అనేవారు. మర్నాడు వచ్చీ రాగానే, నేను మళ్లీ అడక్కుండానే, అప్పజెప్పినట్టు చెప్పేసేవారు. భుజానికి తగిలించుకొచ్చే గుడ్డసంచీ ఇదివరకు కుర్చీకి వేలాడేది. ఇప్పుడు రెండు పాదాల మధ్య పెట్టుకుని, లేచిన ప్రతిసారీ వెంట తీసుకెళ్లేవారు. ఇంటికి వెళ్లేటప్పుడు ముందు మెట్లు మానేసి సరుకు దింపే వెనక మెట్ల మీంచి వెళ్లడం మొదలుపెట్టారు. పెద్దాయన, మోకాళ్లు నాకంటే అధ్వానం. ఆ నిటారు మెట్లు ఎందుకు దిగుతున్నట్టు?

ఒక సోమవారం చూపు కుటుంబం సొరుగు లాగితే చేతికి తేలిగ్గా తగిలింది. లెక్కపెట్టాను. ఇరవైమూడు ఉండాల్సినవి పద్నాలుగే ఉన్నాయి. ఎవరితోనూ అనలేదు. గురువారానికి ఇరవైమూడూ ఉన్నాయి. తిరిగొచ్చిన తొమ్మిదింటి మీదా కొత్తగా ఏదో రాసి ఉంది. మాస్టారి అక్షరం కుడివైపుకి వాలి ఉంటుంది, నీకు తెలుసుగా. దాన్ని ఎవరో అనుకరించినట్టే ఉంది కానీ, ప్రతి వరస చివరికొచ్చేసరికి అక్షరాలు మరిచిపోయి నిటారుగా నిలబడిపోయాయి. అది వేరే ఎవరిదో చెయ్యి.

సరిగ్గా ఆ వారమే యజమాని పైకి వచ్చి, ఇంకెవరో కూడా ఇలాంటి నిఘంటువే వేస్తున్నారని చెవిన పడింది, సొరుగులు జాగ్రత్త అని చెప్పి వెళ్లారు. ఆయన ఆ మాట నన్ను చూసే అన్నారనిపించింది. నాకు అన్నం సయించలేదు. మాస్టారు మన కార్డులు వాళ్లకి మోస్తున్నారు, అక్కడ ఎవరో పండితుడు చూసి దిద్దుతున్నాడు, ఈయన తిరిగి తెచ్చి పెడుతున్నారు అని నా బుర్రలో కథ అల్లేసుకున్నాను. ఒకసారి అల్లుకున్నాక ఇంక ఆయన దగ్గినా అనుమానమే, దగ్గకపోయినా అనుమానమే. టీ తాగుతూ ఆయన నన్ను "మీరు కొత్తగా చేరారా అమ్మా?" అని అడిగితే, నటన బాగానే ఉంది అనుకున్నాను.

ఒక ఎర వేశాను. ఎక్స్‌పెక్ట్ అసలు కార్డు తీసి దాచి, దాని బదులు ఇంకో కార్డు మీద మాస్టారి వాలు అక్షరంతో తప్పు పుట్టుక రాశాను. లాటిన్‌లో పెక్టుస్ అంటే రొమ్ము, గుండెలోంచి బయటికి పొంగే కోరిక కాబట్టి ఎక్స్‌పెక్ట్ అని. చదివితే నాకే నిజమనిపించింది. మూడు రోజులకి ఆ కార్డు వెళ్లి వచ్చింది. కింద నిటారు అక్షరాల్లో ఇలా ఉంది: "ఇది తప్పు. రొమ్ములోంచి వచ్చింది ఎక్స్‌పెక్టొరేట్, అంటే దగ్గి ఉమ్మడం. ఎక్స్‌పెక్ట్ చూపు కుటుంబానిదే, ఎక్స్ పక్కన నిలబడలేక దాని ఎస్ మాయమైంది. అయినా రాసినవారు ఊహ ఉన్నవారు." పిచ్చుకా, దొంగ చేత మెచ్చుకోలు పొందితే ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. ఒళ్లు మండింది.

పక్కనే ఉన్న సస్పెక్ట్ కార్డు మీదా ఒక వరస చేరింది. దీని తల్లి అయిన లాటిన్ మాటకి రెండు అర్థాలున్నాయి, తలెత్తి గౌరవంగా చూడటం, కింద నుంచి అనుమానంగా చూడటం, ఇంగ్లీషుకి రెండోదే చేరింది అని. చదివాను, అంకె వేశాను, కిందికి పంపేశాను.

తరవాతి బుధవారం మాస్టారు సంచీ పట్టుకుని వెనక మెట్ల వైపు వెళ్తుంటే యజమాని అక్కడ నిలబడి ఉన్నారు. చేతిలో ఒక చీటీ ఉంది. సంతకం లేని చీటీ. దానిలో ఏముందో చదివి వినిపించి, సంచీ చూపించమన్నారు. అచ్చుగదిలోంచి నలుగురు పైకి వచ్చి చూస్తున్నారు. మాస్టారు సంచీ బల్ల మీద బోర్లించారు. కళ్లజోడు డబ్బా, చేతిరుమాలు, తొమ్మిది కార్డులు. దీనికి ఏమంటారని యజమాని అడిగారు. మాస్టారు ఆ కార్డుల్ని చాలాసేపు చూసి, "ఇవి నావే అనుకున్నానండీ" అన్నారు. రేపటి నుంచి రావద్దన్నారు యజమాని. మాస్టారు ఏదో రశీదు తీసుకున్నట్టు ఆ చీటీ తీసుకుని జేబులో పెట్టుకున్నారు. అందరికీ నమస్కారం పెట్టారు. పెట్టి, మెట్ల వైపు కాదు, కాగితం కట్టలు దాచే గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

అందరం ఎదురుచూశాం. ఆయన రాలేదు. నేనే వెళ్లి తలుపు తీశాను. కాగితం కట్టల మధ్య నిలబడి గోడని తడుముతున్నారు, తలుపు ఎటు పోయిందా అని. చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాను. "థాంక్సమ్మా, ఇల్లు మార్చినట్టున్నారు" అన్నారు.

గొడుగు మరిచిపోయి వెళ్లారు. శనివారం అది పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. గొడుగు ఇవ్వడానికే వెళ్లానని చెప్పను నీకు. చూడటానికి వెళ్లాను. మూడో అంతస్తులో రెండు గదులు. ఆయన భార్య తలుపు తీశారు. నువ్వు చదువుకునే రోజుల్లో ఆవిణ్ణి చూసే ఉంటావు, గుమ్మం దాటి బయటికి రాని మనిషి. లోపల అల్మారాల తలుపుల మీద, గోడల మీద చిన్న చిన్న కాగితాలు అతికించి ఉన్నాయి. కప్పులు. మందులు, పొద్దుటివి. ఇది స్నానాలగది. ఇది బయటి తలుపు, నన్ను పిలవకుండా తీయొద్దు. అన్నీ నిటారు అక్షరాలే. చదువుతూ అలాగే నిలబడిపోయాను. కూర్చోమని ఆవిడ రెండుసార్లు చెప్పారట, నాకు వినపడలేదు.

ఆవిడ దాచలేదు. ఏడాదిన్నరగా మాస్టారికి మతి జారుతోంది. మొదట నిన్న జరిగినవి పోయాయి, తరవాత మనుషులు, తరవాత వీధులు. లాటిన్ గట్టిగా నిలబడింది. అది కూడా కదలడం మొదలైనప్పుడు ఆయన భయపడిపోయి కార్డులు ఇంటికి తెచ్చేశారట. ముప్పై ఏళ్లు ఆయన బడి పేపర్లు దిద్దింది తనేననీ, ఆయన పాఠాలు తయారుచేసుకుంటుంటే పక్కన కూర్చుని తానూ నేర్చేసుకున్నాననీ, ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదనీ అన్నారు. తెచ్చిన కార్డుల మీద ఆవిడే రాసి, పొద్దున్న ఆయనకి రెండుసార్లు చదివి వినిపించి పంపేవారు. ముందు మెట్ల మీద మనుషులు పలకరిస్తే తడబడతారని వెనక మెట్లు చెప్పింది కూడా ఆవిడే.

"మోసమే అక్కయ్యగారూ, కాదనను. ఆ పని పోతే ఈయన పొద్దున్నే లేవడానికి కారణం ఉండదు. అందుకే చేశాను" అన్నారు.

నీ ఉత్తరాలు రెండూ బల్ల మీదే ఉన్నాయి. ఆవిడ రోజూ చదివి వినిపిస్తారట, ఆయన రోజూ ఎవరీ పిల్ల అని అడిగి, బాగా రాసింది అని మెచ్చుకుంటారట. జవాబు మాత్రం రాయలేదు. కార్డుల మీద ఆయనలా రాయగలిగాను కానీ ఆ పిల్లకి ఆయనలా ఉత్తరం రాయడానికి చెయ్యి రాలేదు అన్నారు. నువ్వడిగినదానికి జవాబు అదీ.

నేను లేవబోతుంటే ఆవిడ నిదానంగా అడిగారు. "యజమానిగారికి ఎవరో చీటీ రాశారట కదా. ఎవరో మీకేమైనా తెలుసా?"

"తెలీదండీ" అన్నాను.

పిచ్చుకా, ఆ చీటీ రాసింది నేను.

అచ్చు అక్షరాల్లా విరిచి విరిచి రాశాను, ఎవరిదో తెలియకుండా. రాసి, యజమాని బల్ల మీది పుస్తకంలో దూర్చి వచ్చాను. నేరుగా మాస్టారినే అడగొచ్చు. సంచీలో ఏముందండీ అని ఒక్క మాట అడిగితే చాలు, ఆయన చూపించేసేవారు. అడగలేదు. ఎందుకు అడగలేదో చెబుతాను, నీకే చెబుతున్నాను, మీ నాన్నకి కూడా ఇలా చెప్పలేదు. ఆయన వచ్చిన దగ్గర్నుంచి యజమాని ప్రతి మాటకీ మాస్టారినే అడిగేవారు. అంతకుముందు పద్నాలుగేళ్లు ఆ గదిలో నన్నే అడిగేవారు. దొంగని పట్టుకోవడంలో నాకు కొంచెం సంతోషం ఉంది. ఆ సంతోషాన్ని జాగ్రత్త అనుకున్నాను.

పది రోజులు ఎవరికీ చెప్పకుండా తిరిగాను. ఆ పది రోజుల్లో ఒక్క కార్డు కదల్లేదు. పదకొండో రోజు యజమాని గదిలోకి వెళ్లి, చీటీ నాదేననీ, కార్డులు ఎవరికీ వెళ్లలేదనీ, మూడు నెలలుగా నిఘంటువు రాస్తూ వచ్చింది మాస్టారి భార్యేననీ, మిగతాది ఆవిడకే అప్పగించమనీ చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను కింద నుంచి పైదాకా చూశారు.

"మీరు రాశారని ఆయన్ని పంపేశాను. ఇప్పుడు మీరు చెప్పారని ఆవిణ్ణి పిలవాలా? ఇందులో ఏ మాట నమ్మమంటారు?"

ఆయన అన్నది న్యాయమే. చివరికి ఒక షరతు పెట్టారు. ఆవిడ వచ్చి, పుస్తకాలేవీ లేకుండా, తన ఎదురుగా ఇరవై కార్డులు రాయాలి. ఆవిడ ఒప్పుకున్నారు. ఆయన్ని ఇంట్లో ఒంటరిగా వదలలేనని మాస్టారిని వెంటబెట్టుకుని వచ్చారు. పంతొమ్మిది కార్డులు గడగడా రాసేశారు. ఇరవయ్యోది ఆస్పిషస్, అంటే శుభసూచకమైనది. ఆవిడ పెన్ను ఆగిపోయింది. చూపు కుటుంబమేనని తెలుస్తోంది కానీ ముందున్న ముక్క గుర్తు రావడం లేదు. యజమాని గడియారం చూసుకుంటున్నారు. అంతసేపూ గోడకేసి చూస్తున్న మాస్టారు తల తిప్పకుండానే, "అవిస్. పక్షి. పక్షులు ఎటు ఎగురుతున్నాయో చూసి మంచిదో చెడ్డదో చెప్పేవాళ్లు" అన్నారు. తరవాత భార్య వైపు తిరిగి, "ఇది ఏ బడి?" అని అడిగారు.

యజమాని ఆ కార్డు కూడా తీసుకున్నారు. ఆవిణ్ణి పనిలో పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం మెట్ల మీద ఆవిణ్ణి ఆపి చెప్పేశాను. చీటీ నేనే రాశాను, మీరు అడిగినప్పుడు అబద్ధం చెప్పాను అని. ఆవిడ మాస్టారి చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దింపుతున్నారు, ఆగలేదు.

"తెలుసు. చీటీ ఆయన జేబులో ఇంటికొచ్చింది. మీరు తలకట్టు అక్షరానికి అంటించరు, విడిగా పెడతారు. రొమ్ములోంచి కోరిక అని రాసిన కార్డు మీదా అలాగే ఉంది."

"మరి ఆ రోజు నన్నెందుకు అడిగారు?"

"తెలుసుకోవడానికి కాదు" అన్నారు. అంతే. మిగతా మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఇది జరిగి ఐదు వారాలైంది. ఆవిడ రోజూ మాస్టారిని వెంట తెచ్చుకుని నా ఎదురు బల్ల దగ్గరే కూర్చుంటున్నారు. కార్డుల గురించి తప్ప మాట లేదు. నేను రాసిన ప్రతి అంకెనీ ఆవిడ మరోసారి చూస్తారు. చూడనీ అనుకుంటున్నాను. నేనైనా వెనకటిలా నిశ్చింతగా ఉన్నానా అంటే లేను, ఆవిడ మౌనంగా ఉంటే యజమానికి ఏం చెప్పబోతున్నారో అని ఓ కన్ను అటే ఉంటుంది. పాడు అలవాటు ఒకటి పట్టుకుంటే ఒక పట్టాన వదలదు.

మొన్న ఉన్నట్టుండి ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చారు. దవడ వాచి ఉంది. పన్ను పీకించుకోవాలి, ఇవాళా రేపూ రెండేసి గంటలు వెళ్లాలి, అంతసేపూ ఆయన్ని మీ దగ్గర కూర్చోబెడతాను అన్నారు. అడగడం కాదు, చెప్పడం. కుర్చీ తెచ్చి నా పక్కన వేసి, ఆయన్ని కూర్చోబెట్టి వెళ్లిపోయారు.

కాసేపటికి మాస్టారు నన్ను చూసి, "మీరెవరమ్మా?" అన్నారు. ఆవిడ లేరు, గదిలో ఇంకెవరూ లేరు. చీటీ రాసి మిమ్మల్ని పని మాన్పించింది నేనేనండీ అని చెప్పాను. ఎలా జరిగిందో మొత్తం చెప్పాను. ఆయన మర్యాదగా విని, "అలాగా" అన్నారు. పావుగంటకి మళ్లీ అడిగారు. మళ్లీ అంతా చెప్పాను. ఈసారి నవ్వారు. మూడోసారి అడిగినప్పుడు చెప్పడం నాకు చాలా కష్టమైంది, రెండుసార్లు చెప్పేశాక సులువవుతుందనుకున్నాను. మూడోసారి ఆయన నవ్వలేదు. నా ముఖంలోకి చాలాసేపు చూశారు. లేచి, కుర్చీని శబ్దం కాకుండా ఎత్తి, గది ఆ చివరకి జరుపుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. ఆవిడ వచ్చేదాకా నా మీంచి చూపు తిప్పలేదు.

ఆవిడ నోట్లో దూదితో వచ్చారు. మాస్టారు ఆవిణ్ణి దగ్గరికి పిలిచి, నాకు వినపడేలాగే, "ఆవిడతో జాగ్రత్త. మంచిది కాదు" అన్నారు.

ఆవిడ ఆయన సంచీ పట్టీ భుజానికి సర్ది, "తెలుసండీ. రేపు కూడా ఆవిడ దగ్గరే కూర్చోవాలి మీరు" అన్నారు.

ఇట్లు,
నీకు ముందే చెప్పాల్సింది చెప్పని
మీ అమ్మ